ప్రయాణ సర్వేకి ప్రశ్నలు రాశాను, ఓసారి చూసి చెప్తారా?

ప్రశ్నార్థకం

అందరికీ నమస్కారం. పీజీ చివరి సెమిస్టర్ ప్రాజెక్టు కింద, మనుషులు రోజువారీ రాకపోకలకి బస్సో, సొంత బండో, నడకో ఎలా ఎంచుకుంటారన్న అంశం తీసుకున్నాను. ముందు ప్రశ్నావళి రాసుకురమ్మన్నారు మా గైడ్. ముఖ్యమైన ప్రశ్నలు ఇవి:

ఒకటి, మీరు సాధారణంగా దేనిలో వెళ్తారు?
రెండు, దాన్నే ఎందుకు ఎంచుకున్నారు? (సమయం, ఖర్చు, సౌకర్యం, భద్రత, ఇతరం)
మూడు, బస్సులు ఇప్పటికి రెట్టింపు నడిపితే బస్సెక్కుతారా?
నాలుగు, పర్యావరణం మీద మీకు పట్టింపు ఎంత? ఒకటి నుంచి అయిదు లోపు చెప్పండి.

ఇక్కడ సర్వేలు చేసినవాళ్లు, ఈ సబ్జెక్టు చదివినవాళ్లు ఉన్నారు. మొహమాటం లేకుండా చెప్పండి.

సర్వేరాయుడు

అయితే మొహమాటం లేకుండానే చెప్తా తమ్ముడూ. రెండూ మూడూ కొట్టెయ్. నాలుగోది ఉంచినా ఒరిగేదేం లేదు, నాలుగు కంటే తక్కువ వేసుకునేవాడు దొరకడు.

"ఎందుకు" అని అడిగితే జనం అబద్ధమాడరు. అప్పటికప్పుడు పద్ధతైన కారణం ఒకటి అల్లి ఇస్తారు, దాన్ని వాళ్లూ మనస్ఫూర్తిగా నమ్ముతారు. అదే అసలు చిక్కు. తలుపు తట్టి కాగితాలు నింపుకుంటూ తిరిగిన ఉద్యోగం నాది. ఆ కారణాలకీ, అదే మనిషి నిన్న చేసిన ప్రయాణాలకీ పొంతన కుదరడం అరుదుగా చూశాను.

పెద్ద ఎత్తున తెలిసొచ్చిన చోటు స్టాక్‌హోమ్. 2006 జనవరి 3 నుంచి జులై 31 వరకు నగరం నడిబొడ్డులోకి వచ్చిపోయే వాహనాల మీద రద్దీ రుసుము ప్రయోగంగా పెట్టారు. ఆ నడిబొడ్డు హద్దు దాటే వాహనాలు సుమారు 20 శాతం తగ్గాయి. కళ్లకు కనబడేంత తేడా అది. తర్వాత వాహనదారుల్ని "మీరేం మార్చుకున్నారు?" అని అడిగితే, చాలామంది "మేమేం మార్చుకోలేదే" అన్నారు. తగ్గిన బండ్లన్నీ ఎవరివి మరి? ఆ ప్రయోగాన్ని దగ్గరుండి చూసిన జోనాస్ ఎలియాసన్ ఈ సంగతి చాలాసార్లు చెప్పాడు. మార్చుకున్నవాళ్లకే తాము మార్చుకున్నట్టు తెలియలేదు.

అడ్డుపుల్ల

అంటే జనం మాట నమ్మొద్దు, హద్దు దాటే బండ్ల నంబర్లు పట్టే కెమెరా లెక్క నమ్మాలి. బావుంది. కానీ కెమెరాకి నంబరు ప్లేటు తెలుస్తుంది గానీ బండిలో ఉన్నవాడి ఇబ్బంది తెలుస్తుందా? తగ్గిన ఆ 20 శాతంలో హాయిగా రైలెక్కినవాడెవడు, రావడమే మానుకున్నవాడెవడు? జనాన్ని నోరు తెరవనివ్వకుండా లెక్కలు మాత్రం తీసుకోవడం అధికారులకు మహా ఇష్టమైన పద్ధతి.

సర్వేరాయుడు

మీ పేరుకి న్యాయం చేశారు. నోరు నొక్కమనలేదండీ, ఏం అడగాలో చూసుకోమన్నా. స్టాక్‌హోమ్‌లో కూడా ప్రయాణ సర్వేలు చేశారు. ఉద్యోగానికి వెళ్లేవాళ్లు ఎక్కువగా రైళ్లకీ బస్సులకీ మళ్లారని వాటిలోనే తేలింది. మిగతా పనుల ప్రయాణాల్లో ఒకడు ఇంకో చోటికి వెళ్లాడు, ఒకడు రెండు పనులు కలిపి ఒకేసారి తిరిగాడు, ఒకడు మానేశాడు. ఎవరి మార్పూ పెద్దది కాదు, అందుకే గుర్తులేదు. ఏ వారం ప్రయాణాలు ఆ వారానివే కదా, పోల్చుకోవడానికి మనిషి దగ్గర పాత చిట్టా ఉండదు.

ఇంకో సంగతి. ప్రయోగానికి ముందు జనంలో ఎక్కువమంది ఆ రుసుముకి వ్యతిరేకం. అది చవిచూశాక 2006 సెప్టెంబరులో ఓటు పెడితే నగరంలో అనుకూలం గెలిచింది. 2007 ఆగస్టు నుంచి శాశ్వతం చేశారు. "పెడితే ఒప్పుకుంటారా?" అని ముందే అడిగి ఆగిపోయుంటే సంగతి ఎప్పటికీ తేలేది కాదు. మీ మూడో ప్రశ్న గతి కూడా అంతే, ప్రశ్నార్థకం గారూ.

లాజిట్ బాబాయ్

మూడో ప్రశ్న మీద నేనూ ఒక మాట. అడగాల్సిన విషయమే, అడిగిన తీరు బాలేదు. "బస్సులు రెట్టింపైతే ఎక్కుతారా" అంటే "ఎక్కుతాం" అనడానికి ఎవరికీ ఏ ఖర్చూ లేదు. దానికి బదులు రెండు దారులు పక్కపక్కన పెట్టాలి. ఇందులో ఇంత నడక, ఇంత ఎదురుచూపు, ఇంత ఖర్చు. అందులో నడక తక్కువ, ఖర్చు ఎక్కువ. ఏది కావాలి? ఇలాంటివి అంకెలు మారుస్తూ కొన్ని ఇస్తే, నిమిషం నడక తప్పించుకోవడానికి మనిషి ఎంత వదులుకుంటాడో బయటపడుతుంది. నోటితో చెప్పించకుండానే రాబట్టొచ్చన్నమాట. ఊహలో ఎంచుకున్నదీ నిజంలో చేసేదీ ఒకటి కావు కాబట్టి, వీలైతే చేసిన ప్రయాణాల లెక్క కూడా పక్కన పెట్టుకుని సరిచూడాలి.

ఊహలో కాకుండా నిజంగా చేసిన ఎంపికల నుంచి ఇలా లెక్కగట్టడానికి పేరు తెచ్చిన కథ సాన్‌ఫ్రాన్సిస్కోది. అక్కడ బార్ట్ అనే నగర రైలు 1972లో మొదలైంది. డేనియల్ మెక్‌ఫాడెన్ బృందం, రైలు రాకముందు జనం కారుకీ బస్సుకీ మధ్య ఎలా ఎంచుకుంటున్నారో లెక్కగట్టింది. దాన్నిబట్టి ఉద్యోగ ప్రయాణాల్లో రైలు వాటా 6.3 శాతం ఉంటుందని అంచనా వేసింది. అధికారుల అంచనా 15 శాతం. రైలు నడిచాక తేలింది 6.2 శాతం. 2000లో ఆయనకి అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది, జేమ్స్ హెక్‌మన్‌తో కలిపి.

కిటుకు ఏమిటంటే, ఆయన రైలుని "రైలు"గా చూడలేదు. ఇన్ని నిమిషాల ప్రయాణం, ఇన్ని నిమిషాల నడక, ఇంత ఖర్చు అన్న మూటగా చూశాడు. ఆ మూటలోని ఒక్కోదానికి జనం ఎంత విలువిస్తున్నారో బస్సుల్లో, కార్లలో అప్పటికే కనబడుతోంది. కాబట్టి ఇంకా పుట్టని బండికి కూడా లెక్క కట్టగలిగాడు.

అడ్డుపుల్ల

ఒక్క అంకె కుదిరినంత మాత్రాన సిద్ధాంతం కుదిరినట్టేనా బాబాయ్? జనం దేన్ని ఎంచుకుంటారో చెప్పే మీ లెక్కల మోడల్‌లోనే ఎర్రబస్సు, నీలిబస్సు తలనొప్పి ఉందటగా. అది కూడా చెప్పండి పిల్లవాడికి.

లాజిట్ బాబాయ్

చెప్తా, దాచేదేముంది. ఊళ్లో సగం మంది కారు, సగం మంది నీలిబస్సు అనుకో. రాత్రికి రాత్రి సగం బస్సులకి ఎర్ర రంగు వేశారు. బస్సులు అవే, దారి అదే, టైము అదే. ఆ లెక్కల్లో సాదాదైన లాజిట్ మోడల్‌ని అడిగితే కారుకి మూడో వంతు, నీలికి మూడో వంతు, ఎర్రకి మూడో వంతు అంటుంది. రంగు వేస్తే కార్లు తగ్గిపోయాయట! నిజానికి కారు సగం సగంలాగే ఉండి, బస్సు జనమే రెండు రంగుల కింద చీలతారు. ఒకదానికొకటి దగ్గరగా ఉన్న వాటిని ముందు ఒక గుంపు కట్టి, ఆ తర్వాత లోపల పంచే మోడళ్లు అందుకే వచ్చాయి. ప్రశ్నార్థకం, నీ డేటాలో ఆర్డినరీ బస్సు, ఎక్స్‌ప్రెస్ బస్సు విడివిడిగా పెడితే ఇది గుర్తుపెట్టుకో.

పాతడ్రైవర్

మోడళ్లు నాకు తెలీవు గానీ, బస్సు నడిపినవాడిగా ఒకటి చెప్తాను. జనం కాలాన్ని గడియారంతో కొలవరు. బస్సు కదులుతుంటే పది నిమిషాలు ఎక్కువైనా నోరెత్తరు. స్టాపులో అయిదు నిమిషాలు నిలబెడితే ఎక్కుతూనే "గంట నుంచి చూస్తున్నాం" అంటారు. సిగ్నల్ దగ్గర ఆగినా పర్లేదు, స్టాపులో కండక్టరు చిల్లర కోసం ఆపితే మాత్రం వెనక నుంచి కేకలు.

స్టాపులో ఎన్ని నిమిషాల్లో బస్సొస్తుందో చూపించే బోర్డు పెట్టాక నిలబడే తీరే మారింది. అంతకుముందు అందరూ రోడ్డు మీదికొచ్చి మెడలు సాచి చూసేవాళ్లు. బోర్డు వచ్చాక వెనక్కి జరిగి కూర్చుంటున్నారు. బస్సు ముందుకంటే తొందరగా ఏమీ రాలేదు.

లాజిట్ బాబాయ్

డ్రైవర్ గారూ, మీరు చెప్పింది అచ్చంగా పరిశోధనల్లో ఉంది. లెక్కల్లో ఎదురుచూపు నిమిషాన్ని బండిలో కూర్చున్న నిమిషానికి సుమారు రెట్టింపుగా కట్టడం ఎప్పటినుంచో వాడుక. సియాటిల్‌లో ఫోన్లో బస్సు సమయాలు చూపే వన్‌బస్‌అవే మీద జరిగిన అధ్యయనం 2011లో వచ్చింది. స్టాపులో జనం నిజంగా ఎంతసేపు నిలబడ్డారో చూసి, వాళ్లనీ అడిగారు. సమాచారం లేనివాళ్లు నిలబడ్డదానికంటే ఎక్కువ చెప్పారు. ఫోన్లో చూసుకున్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పారు. రెండు బస్సులు అదనంగా నడపడం కంటే ఒక బోర్డు చవక, అన్నది పాలకులకి మొదట తట్టే ఆలోచన. బస్సు అసలు రాని చోట బోర్డు పెట్టి ఏం లాభం అన్నది రెండోది. అది ఎందుకో అంత తొందరగా తట్టదు.

ఇద్దరుపిల్లలతల్లి

ఇందాకటి నుంచి చదువుతున్నాను. అందరూ "ఇంటి నుంచి ఆఫీసుకి" అనే మాట్లాడుతున్నారు. మొదటి ప్రశ్న "మీరు సాధారణంగా దేనిలో వెళ్తారు?" దగ్గరే నేను ఆగిపోతాను. ఎక్కడికి? పెద్దాడిని స్కూల్లో దింపడానికి నడక, చిన్నదాన్ని డేకేర్‌కి ఆటో, అక్కణ్నుంచి ఆఫీసుకి బస్సు, సాయంత్రం మందుల షాపు మీదుగా అత్తగారింటికి, అక్కణ్నుంచి మా ఆయన బండి మీద ఇంటికి. ఏ గడిలో టిక్ పెట్టను?

వియన్నా సంగతి ఒకటి చదివాను. 1999లో అక్కడి తొమ్మిదో డిస్ట్రిక్ట్‌లో, బస్సులూ రైళ్లూ ఎంత తరచుగా, ఎందుకు వాడతారని జనాన్ని అడిగారట. మగవాళ్లు చాలామంది అయిదు నిమిషాల్లో రాసిచ్చేశారు. పొద్దున పనికి, సాయంత్రం ఇంటికి, అయిపోయింది. ఆడవాళ్లు రాస్తూనే ఉన్నారట. పిల్లల్ని డాక్టరు దగ్గరికి, అక్కణ్నుంచి బడికి, అక్కణ్నుంచి పనికి, మధ్యలో పెద్దవాళ్లకి సామాన్లు... ఆ కాగితాలు చదివాకే కాలిబాటలు, మెట్ల పక్కన వాలుదారులు, వీధి దీపాల సంగతి పట్టించుకోవడం మొదలైంది.

సర్వేరాయుడు

అమ్మా, మీరు రాసిన ఆ మొదటి పేరానే నేను కొత్త సర్వేయర్లకి పాఠంగా చెప్పేది. "సాధారణంగా" అని అడిగితే మనిషి తన రోజులో అన్నిటికంటే పెద్ద ప్రయాణం ఒక్కటి చెప్పి ఊరుకుంటాడు. "నిన్న" అని అడగాలి. నిన్న ఇంటి గడప దాటింది మొదలు రాత్రి తలుపేసుకునే దాకా. ఇలా ఉంటుంది వరస:

"నిన్న మొదట ఎన్నింటికి బయటికెళ్లారు?"
"ఎనిమిదింటికి."
"సరిగ్గా ఎనిమిదికా?"
"ఆ... ఎనిమిదీ పది అయ్యుంటుంది."
"ఎక్కడికి?"
"ఆఫీసుకి."
"దారిలో ఎక్కడా ఆగలేదా?"
"లేదు. అంటే పాపని స్కూల్లో దింపాను, అది దారేగా."
"బస్సు స్టాపుకి ఎలా వెళ్లారు?"
"నడిచాను. అది కూడా ప్రయాణమేనా?"

ఆఖరి మాట ప్రతి ఇంట్లోనూ వినబడుతుంది. జనానికి నడక ప్రయాణం కాదు. మధ్యలో దిగి పది అడుగులు వేసి పని చూసుకొచ్చేది అసలే కాదు. జీపీఎస్‌తో పోల్చి చూసిన చోటల్లా, ఇలా రాయించిన ప్రయాణ డైరీల్లో చిన్న ప్రయాణాలు ఎగిరిపోయినట్టు తేలుతూనే ఉంది. టైములు కూడా అంతే, అన్నీ అయిదుతోనో పదిహేనుతోనో భాగించబడతాయి. ఏడూ నలభై రెండుకి బయల్దేరానని చెప్పినవాడు నాకు తగల్లేదు.

చక్రాలకుర్చీ

"ఎంచుకుంటారు" అన్న మాటే నాకు మింగుడుపడటం లేదు. నా ఇంటి దగ్గర్లో రైలు స్టేషనుంది. మ్యాపులో లిఫ్టు ఉంది. అది పనిచేయని రోజున కింద ఒక కాగితం అంటిస్తారు, ఆ కాగితం చదవాలంటే ముందు అక్కడిదాకా వెళ్లాలి. అందుకని క్యాబ్‌లో వెళ్తున్నాను. మీ సర్వే వచ్చి అడిగితే "క్యాబ్" గడిలో టిక్ పడుతుంది, కారణం "సౌకర్యం" కింద జమవుతుంది. ఇంకొన్నాళ్లకి వికలాంగులు క్యాబ్‌నే ఇష్టపడతారని రిపోర్టొస్తుంది.

లాజిట్ బాబాయ్

ఈ విమర్శకి నా దగ్గర ఎదురు సమాధానం లేదు, ఉన్నది ఒప్పుకోలే. మోడల్‌లో ముందు "ఈ మనిషికి అందుబాటులో ఉన్నవి ఏవి" అన్న జాబితా రాసుకోవాలి. ఆ జాబితా తప్పైతే ఆపైన ఎంత లెక్క కట్టినా గాలిమేడే. స్వీడన్ భూగోళ శాస్త్రవేత్త హాగర్‌స్ట్రాండ్ 1970లోనే దీన్ని మూడు రకాల కట్లుగా చెప్పాడు. శరీరానికి, చేతిలో ఉన్న సాధనాలకి సాధ్యపడేది ఎంత అన్నది ఒకటి. ఇంకొకరితో ఒకే చోట, ఒకే వేళకి ఉండి తీరాల్సి రావడం ఇంకొకటి. పిల్లల్ని బడి నుంచి తెచ్చుకోవడం ఇందులోదే, పైన ఆవిడ చెప్పింది. మూడోది, ఫలానా వేళ దాటితే తలుపు మూసేసే చోట్లు. ఈ మూడూ తీసేశాక మిగిలిన కాస్త సందులోనే మన "ఎంపిక" అంతా.

ప్రశ్నార్థకం

చక్రాలకుర్చీ గారూ, మీ పోస్టు చూశాక "దాన్నే ఎందుకు ఎంచుకున్నారు" తీసేసి, "నిన్నటి ఈ ప్రయాణానికి ఇంకో దారి ఉందా? లేకపోతే అడ్డు ఏమిటి?" అని పెట్టాను. సరిపోతుందా?

చక్రాలకుర్చీ

బాగానే ఉంది. "అడ్డు ఏమిటి" దగ్గర గడులు పెట్టకండి. ఖాళీ గీత వదలండి. గడులు పెడితే మీకు ముందే తెలిసిన అడ్డులే వస్తాయి.

అడ్డుపుల్ల

సరే, కట్లు లేని మనిషినే తీసుకుందాం. కాళ్లూ చేతులూ బావున్నాయి, పిల్లల బాధ్యత లేదు, నాలుగు దారులున్నాయి. వాడు కూడా రోజూ లెక్కేసి ఎంచుకుంటాడంటే నేను నమ్మను. నిన్న వెళ్లిన దారే ఇవాళా. నిద్రకళ్లతో వెళ్లేవాడికి నిమిషాల విలువ ఏం తెలుసు?

లాజిట్ బాబాయ్

దీనికి లండన్‌లో చక్కటి పరీక్ష జరిగింది, ఎవరూ ఉద్దేశించి పెట్టింది కాదు. 2014 ఫిబ్రవరిలో రెండు రోజులు ట్యూబ్ అనే భూగర్భ రైళ్ల సిబ్బంది సమ్మె చేశారు. కొన్ని స్టేషన్లు మూతబడ్డాయి, కొన్ని నడిచాయి. కాబట్టి కొందరు మాత్రమే దారి మార్చుకోవాల్సి వచ్చింది. టిక్కెట్టు కార్డు గీకిన వివరాలతో లార్కోమ్, రౌఖ్, విల్లెమ్స్ అనే ముగ్గురు పరిశోధకులు, సమ్మెకి ముందూ తర్వాతా ఎవరు ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగారో చూశారు. సమ్మె అయిపోయాక కూడా సుమారు 5 శాతం మంది కొత్త దారిలోనే ఉండిపోయారు. రోజూ వెళ్లొచ్చే దారే. అంతకంటే మంచిది పక్కనే ఉంది, అంతకాలం చూడలేదు.

అడ్డుపుల్ల

అంటే మిగతా 95 శాతం మంది ముందే సరైన దారిలో ఉన్నారని కదా అర్థం? మీ నోబెల్ ఆయనే గెలిచినట్టు.

సర్వేరాయుడు

తొందరపడకండి. ఆ 95 మందిలో, సమ్మె రోజున దొరికిన రెండో దారి బాగోక వెనక్కి వచ్చినవాళ్లున్నారు. మూడో దారి మంచిదై ఉండి, అది చూడని వాళ్లూ ఉండొచ్చు. రెండ్రోజుల్లో ఎన్ని దారులు చూస్తారు? నాకు ఆ 5 శాతమే ఎక్కువ అనిపిస్తుంది. ఇది సెలవుకి ఎప్పుడో వెళ్లిన ఊరు కాదు, రోజూ పోయే ఆఫీసు.

లాజిట్ బాబాయ్

ఎవరు ఎక్కువగా మారారన్నదే అసలు రుచి. మ్యాపులో దూరాలు ఎక్కువ వంకరపోయిన ప్రాంతాల వాళ్లు, నెమ్మదిగా నడిచే లైన్లు వాడేవాళ్లు. హ్యారీ బెక్ గీసిన పద్ధతిలో 1933 నుంచి వస్తున్న ట్యూబ్ మ్యాపు ఉంది కదా, అందులో గీతలన్నీ నిలువూ అడ్డం ఐమూలలే. నిజమైన దూరాలు ఉండవు. జాన్ గ్వో అనే పరిశోధకుడు 2011లో ఆ మ్యాపు మీదే పనిచేశాడు. ఏ దారిన రైలు మారాలో ఎంచుకునేటప్పుడు, నిజంగా పట్టే సమయం కంటే మ్యాపులో కనబడే పొడవు ప్రభావం దాదాపు రెండింతలని తేల్చాడు. రోజూ లోపల ప్రయాణం చేసేవాళ్ల మీద, ఒంటి గడియారం కంటే గోడ మీది బొమ్మ ఎక్కువ పనిచేస్తోందన్నమాట.

పాతడ్రైవర్

మా రూటులో వంతెన మూసినప్పుడు ఇదే చూశాను. చుట్టూ తిప్పి తీసుకెళ్తుంటే మొదట తిట్టారు. వంతెన తెరిచాక కొందరు "ఆ చుట్టు దారే బావుంది, మా గుమ్మం ముందు ఆగేది" అని అడగడం మొదలెట్టారు. అప్పటిదాకా ఆ స్టాపు ఉందనే తెలీదు.

లాజిట్ బాబాయ్

కార్లవాళ్ల మీద కూడా ఇలాంటిదే జపాన్‌లో ఉంది. ఒసాకా దగ్గర ఎక్స్‌ప్రెస్ రోడ్డు కొన్నాళ్లు మూసినప్పుడు ఫుజీ, గార్లింగ్, కిటమురా అనే పరిశోధకులు కారు వాడేవాళ్లని పరిశీలించారు. బస్సులో, రైల్లో వెళ్తే ఇంత పడుతుందని వాళ్లు అనుకున్న సమయం నిజంగా పట్టేదానికంటే ఎక్కువ. గత్యంతరం లేక ఎక్కినవాళ్ల లెక్క సరైంది. అందులో కొందరు రోడ్డు తెరిచాక కూడా కొనసాగారు. కారు వదలనివాడు బస్సుని పోల్చి చూసి వద్దనుకోవడం లేదు. తన మనసులో ఉన్న బస్సుని వద్దనుకుంటున్నాడు, అది నిజమైన బస్సు కంటే నెమ్మది.

తర్వాత క్యోటోలో కారు నడిపే విద్యార్థులకి నెల రోజులు ఉచిత బస్సు పాస్ ఇచ్చి చూశారు. పాస్ అయిపోయిన నెల తర్వాత కూడా వాళ్ల బస్సు ప్రయాణాలు ముందుకంటే సుమారు 20 శాతం ఎక్కువే. చిన్న గుంపు మీద చేసిందే, అయినా దిశ అదే.

అడ్డుపుల్ల

ఉచితం అనగానే అందరూ ఎక్కేస్తారనుకుంటే ఎస్టోనియా రాజధాని టాలిన్ చూడండి. 2013లో నగరవాసులందరికీ ఉచితం చేశారు. బస్సులకి కొత్తగా వచ్చినవాళ్లలో నడక మానేసినవాళ్లే బాగా కనబడ్డారు. కార్లు అనుకున్నంత దిగలేదు.

లాజిట్ బాబాయ్

ఒప్పుకుంటున్నా. కారువాడికి టిక్కెట్టు ధర ఎప్పుడూ అడ్డు కాదు. వాణ్ని కదిలించేది పార్కింగ్. పార్కింగ్ మీద పరిశోధన చేసిన డొనాల్డ్ షూప్ పని చూడండి. ఉద్యోగులకి ఉచితంగా పార్కింగ్ ఇచ్చే కొన్ని సంస్థలు, అది వద్దనుకున్నవాళ్లకి ఆ విలువ డబ్బుగా ఇవ్వాలని కాలిఫోర్నియాలో 1992లో చట్టం వచ్చింది. అలా చేసిన ఎనిమిది సంస్థల్ని ఆయన పరిశీలిస్తే, ఒంటరిగా కారులో వచ్చేవాళ్లు 76 శాతం నుంచి 63 శాతానికి దిగారు. పార్కింగ్ ఎవరి దగ్గరా లాక్కోలేదు. కావాలంటే అలాగే వాడుకోవచ్చు. కానీ అప్పటిదాకా కనబడని ధర మొదటిసారి చేతికందింది.

అడ్డుపుల్ల

ఇది బావుంది. ఇందాకటి నుంచి మీరు చెప్పిన వాటిలో నాకు నచ్చిన మొదటిది.

దారినపోయేదానయ్య

మధ్యలో దూరుతున్నాను, క్షమించాలి. ఇంత లెక్క ఎందుకు, కళ్లు మూసి తెరిచేలోగా ఆఫీసులో ఉండే యంత్రం వస్తే అందరూ అదే ఎంచుకుంటారు. అవునా కాదా?

లాజిట్ బాబాయ్

కాదు! ఇది నిజంగానే అడిగారు. సాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఉద్యోగుల్ని "మీకు నచ్చే ప్రయాణ సమయం ఎంత?" అని రెడ్‌మండ్, మొఖ్తారియన్ అనే పరిశోధకులు అడిగారు. 2001లో అచ్చయిన ఫలితంలో సగటు సుమారు 16 నిమిషాలు. సున్నా కోరుకున్నవాళ్లు బహు తక్కువ. ఇంటి మనిషి నుంచి ఆఫీసు మనిషిగా మారడానికి ఆ కాస్త వ్యవధి కావాలేమో.

ఇద్దరుపిల్లలతల్లి

నాకు నలభై కావాలి. రోజు మొత్తంలో నన్నెవరూ పిలవనిది బస్సులోనే.

సర్వేరాయుడు

దానికి ఎదురు సాక్ష్యం కూడా ఉందమ్మా. మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్ బృందం 2004లో టెక్సాస్‌లో 909 మంది ఉద్యోగినుల్ని నిన్నటి రోజుని ముక్కలుగా గుర్తుచేసుకోమంది. ఒక్కో ముక్కలో మనసెలా ఉందో రాయమంది. పొద్దున్న ఆఫీసుకి వెళ్లే ప్రయాణం అట్టడుగున తేలింది. చూశారా, అక్కడా "నిన్న" అనే అడిగారు.

దారినపోయేదానయ్య

సరే, పనిలో పనిగా ఎలక్ట్రిక్ స్కూటర్లలో ఏది మంచిదో కూడా...

మోడరేటర్

దానికి వేరే చర్చ నడుస్తోంది, అక్కడ అడగండి. ఇక్కడ ప్రశ్నావళి గురించే.

ప్రశ్నార్థకం

అందరికీ ధన్యవాదాలు. మళ్లీ రాశాను. "సాధారణంగా" తీసేసి నిన్నటి రోజు మొత్తం, నడకతో సహా. ప్రతి ప్రయాణానికీ ఇంకో దారి ఉందా, అడ్డు ఏమిటి అని ఖాళీ గీత. బస్సులో వెళ్తే ఎంతసేపు పడుతుందనుకుంటున్నారో బండివాళ్లని అడిగి, నేను టైమ్‌టేబుల్‌తో పోల్చుకుంటాను. పార్కింగ్‌కి ఎవరు కడుతున్నారని ఒకటి. ఈ ఏడాదిలో ఇల్లు గానీ ఉద్యోగం గానీ మారారా అని ఒకటి. ఇది నేనే అనుకున్నాను, అలవాటు తెగే సందర్భం కదా అని. పర్యావరణం ప్రశ్న పీకేశాను. ఆఖర్లో రెండు దారుల కార్డులు ఆరు. ఇక మనుషులు కావాలి. బస్టాండు దగ్గర నిలబడితే తొందరగా దొరుకుతారు, అలా చేయొచ్చా?

లాజిట్ బాబాయ్

ఇల్లు మారిన ప్రశ్న భేష్. ఫర్‌ప్లాంకెన్ అనే పరిశోధకుడు 2008లో చూపించింది అదే. ఒక విశ్వవిద్యాలయ ఉద్యోగుల్లో, పర్యావరణం మీద పట్టింపు ఉండి, ఈమధ్యే ఇల్లు మారినవాళ్లు కారు తక్కువ వాడారు. అంతే పట్టింపు ఉన్నా ఇల్లు మారనివాళ్లలో ఆ తేడా లేదు. అందుకని పీకేసిన పర్యావరణం ప్రశ్నని మళ్లీ పెట్టు. ఒంటరిగా పనికిరాదు గానీ, దీని పక్కన పనికొస్తుంది.

సర్వేరాయుడు

ఒప్పుకుంటున్నా, కానీ ఆఖర్న పెట్టు. ముందు పెడితే మిగతా జవాబులన్నిటికీ పచ్చరంగు పూస్తారు.

లాజిట్ బాబాయ్

బస్టాండు సంగతి: నిలబడొచ్చు, కానీ అక్కడ దొరికేది బస్సెక్కేవాళ్లే. ఆ జవాబుల్ని అలాగే మోడల్‌లో పోస్తే ఊరంతా బస్సుని ప్రేమిస్తున్నట్టు వస్తుంది. మాన్‌స్కీ, లెర్మన్ అనే పరిశోధకులు 1977లో దీనికి దిద్దుబాటు చెప్పారు. నిజంగా ఊళ్లో బస్సు, బండి, నడక వాటాలు ఎంతెంతో తెలిస్తే, ఆ నిష్పత్తిలో ఒక్కో జవాబుకి తూకం వేయొచ్చు. కాబట్టి బస్టాండులో కొందరు, పార్కింగ్ దగ్గర కొందరు, ఇళ్ల దగ్గర కొందరు. ఎవర్ని ఎక్కడ పట్టుకున్నావో ప్రతి కాగితం మీదా రాసుకో. అది రాయకపోతే తర్వాత ఎవరూ దిద్దలేరు.

పాతడ్రైవర్

బస్టాండులో పొద్దున పూట అడగొద్దు బాబూ. ఒక కన్ను నీ కాగితం మీద, ఇంకో కన్ను వచ్చే బస్సు మీద ఉంటుంది, బస్సు రాగానే సగంలో వదిలేసి ఎక్కేస్తారు. సాయంత్రం చివరి స్టాపు దాకా వెళ్లే బస్సెక్కి, జనం సర్దుకుని కూర్చున్నాక అడుగు. ముందు కండక్టరుకి చెప్పి ఎక్కు.

ప్రశ్నార్థకం

అలాగేనండీ. సోమవారం సాయంత్రం మొదలుపెడతాను, ఎక్కుతూనే కండక్టరుకి చెప్తాను. లిఫ్టు విషయం రాసిన కాగితాలు ఎన్నొస్తాయో ఇక్కడే చెప్తాను, చక్రాలకుర్చీ గారూ.

చక్రాలకుర్చీ

సాయంత్రం బస్సులో నాలాంటివాళ్లు నీకు దొరకరు. ఇళ్ల దగ్గర అడిగే జాబితాలో మా కాలనీ కూడా వేసుకో, అడ్రస్ మెసేజ్‌లో పంపుతున్నా.